ముందు గోడ, తర్వాత గెస్ట్: విశాఖలో ఆర్కిటెక్టుల సంఘానికి కార్యక్రమాలు పెట్టడం ఎలా

సంఘం కార్యదర్శి పదవి మెడలో పడిన మొదటి వారంలోనే ఫోన్లు మొదలవుతాయి. అందరూ అడిగేది ఒకటే, “ఈసారి చీఫ్ గెస్ట్ ఎవరండీ?” అని. అప్పుడే జవాబు చెప్పకండి. గెస్ట్‌ని ఖాయం చేసుకుని, ఆయనకు వీలైన రోజుకు హాలు వెతికి, హాలు దొరికాక ఏం మాట్లాడించాలా అని ఆలోచిస్తే ఎలాంటి సభ జరుగుతుందో మనందరికీ తెలుసు. ఆరింటికి రమ్మంటారు, ఏడింటికి జ్యోతి ప్రజ్వలన, ఆ తర్వాత శాలువాలు, ఎనిమిదిన్నరకు బిర్యానీ వాసన రాగానే సగం కుర్చీలు ఖాళీ. దీన్ని తిరగేసి చేయండి. ముందు ఊళ్లో ఏదో ఒకటి పట్టుకోండి, పాత భవనమో, బిల్డింగ్ రూలో, తుఫానుకు ఊడిపోయిన కిటికీయో, ఏదైనా సరే. దాని గురించి బాగా తెలిసిన మనిషి ఎవరో ఆ తర్వాత వెతకండి. ఆ మనిషి మీ గెస్ట్, ఒక్కోసారి ఆయన అల్యూమినియం పని చేసే మేస్త్రి కావచ్చు.

కొత్తగా చేరిన పిల్లలు తరచూ అడిగే మాట ఒకటుంది, కౌన్సిలూ మన సంఘమూ ఒకటేనా అని. కాదు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద ఏర్పడింది, అక్కడ రిజిస్ట్రేషన్ లేకుండా ఆర్కిటెక్ట్ అని చెప్పుకుని ప్రాక్టీసు చేయకూడదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్, మనం ఐఐఏ అనేది, ఇష్టపడి చేరే సంఘం. దాని మొదలు 1917లో బొంబాయిలో ఉంది, ఇప్పుడు రాష్ట్రాలకు చాప్టర్లు, ఊళ్లకు సెంటర్లు ఉన్నాయి. కౌన్సిల్‌కి మీరు ఫీజు కట్టక తప్పదు, సంఘానికి మాత్రం రావాలనిపిస్తేనే వస్తారు. కార్యక్రమాల మీద ఇంత బుర్ర పెట్టాల్సి రావడం అందుకే.

ముందు కొట్టేయాల్సిన రోజులు

క్యాలెండర్ వేసేటప్పుడు పెట్టాల్సిన రోజుల కంటే పెట్టకూడని రోజులు ముందు గుర్తు పెట్టుకోండి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది, 32 కిలోమీటర్ల దారి పొడవునా జనమే, ముందురోజు మధ్యాహ్నం నుంచే ఊరు సగం కదలదు. నేవీ విన్యాసాలు ఆర్కే బీచ్‌లో పెట్టిన ఏడాది, ఆ రోజే కాదు, రిహార్సల్ రోజు కూడా బీచ్ రోడ్డు వైపు ఏదీ పెట్టకండి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి అప్పుడు బయట చేసేవి వద్దు, హాలు లోపల చేసేవే పెట్టుకోండి. పెళ్లి ముహూర్తాల రోజుల్లో హాళ్లు దొరకవు, దొరికినా పక్క హాల్లో బాజాలు. మూఢం వచ్చిందంటే మాత్రం మనకు మంచి రోజులే, హాళ్లు ఖాళీగా ఉంటాయి, రేటు కూడా అడిగితే దిగుతుంది. కాంక్రీటు గురించి మాట్లాడుకోవడానికి ముహూర్తం ఎందుకు?

ప్రపంచ ఆర్కిటెక్చర్ దినోత్సవం ఏటా అక్టోబరు మొదటి సోమవారం వస్తుంది, ఐక్యరాజ్యసమితి ఆవాస దినోత్సవం కూడా ఆ రోజే. సోమవారం పొద్దున్న అంటే సైటు మీద ఫోన్లు మోగే సమయం, ఎవరూ రారు. సాయంత్రం పెట్టండి, లేదా ముందు ఆదివారానికి జరపండి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినోత్సవం, ఆ రోజు పాత ఊళ్లో నడక పెట్టాలని అందరికీ అనిపిస్తుంది కానీ మన ఉక్కపోతలో ఎనిమిది దాటితే ఎవరికీ గోడలు కనిపించవు, నీళ్ల సీసాలే కనిపిస్తాయి. నిజానికి నడకకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య ఆదివారాలు బాగుంటాయి, ఏప్రిల్‌లోనే చేయాలంటే ఆరింటికల్లా మొదలుపెట్టేయాలి.

ఇక మిగతా ఏడాదికి ఒక్క సూత్రం. ఏడాదికి ఒక పెద్ద సదస్సు కంటే నెలకు ఒక చిన్న సాయంత్రం మేలు. నెలలో ఏదో ఒక రోజు, మూడో శనివారం సాయంత్రం లాంటిది, ఖాయం చేసేసి దాన్ని కదపకండి. రెండు మూడు నెలలు పదిహేను మందే వచ్చినా ఫర్వాలేదు, రోజు మారకపోతే జనానికి అలవాటవుతుంది.

పాత ఊళ్లో నడక

నడక తేలికగా కనిపిస్తుంది, హాలు అద్దె లేదు, మైకు లేదు. కానీ అన్నిటికంటే ఎక్కువ తయారీ కావాల్సింది దీనికే. వన్‌టౌన్‌లో చూపించాల్సినవి చాలా ఉన్నాయి, టౌన్‌హాల్, కురుపాం మార్కెట్, క్వీన్ మేరీ బాలికల పాఠశాల, పాతపోస్టాఫీసు చుట్టుపక్కల పెంకుటిళ్లు, చర్చిలు, పాత యూరోపియన్ల సమాధులు, రోస్ హిల్. అన్నీ ఒకే పొద్దున పెట్టుకోకండి. నాలుగైదు చాలు. ఎందుకంటే ఒక్కో చోట ఇరవై నిమిషాలు నిలబడితేనే ఆర్కిటెక్టుకు ఉపయోగం. “ఇది ఫలానా రాజావారు కట్టించారు, ఫలానా ఏడాదిలో” అని చెప్పి ముందుకు పోయేదానికి మనం ఎందుకు, ఎవరైనా చెప్తారు.

ఒక్కో చోటికి ఒక్క ప్రశ్న రాసుకుని వెళ్లండి. టౌన్‌హాల్ దగ్గర గాలి ప్రశ్న, ఫ్యాన్లు లేని రోజుల్లో నిండుగా జనం కూర్చున్న హాల్లో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోయేది, తలుపుల పైన వెంటిలేటర్లు ఎంత ఎత్తున ఉన్నాయి, ఇప్పుడు ఏవి మూసేశారు. కురుపాం మార్కెట్ దగ్గర వీధి ప్రశ్న, లోపల దుకాణాలు ఎన్నిసార్లు మారినా ముఖద్వారం వల్ల ఆ చోటికి ఒక రూపం ఎలా నిలబడింది, బోర్డులూ కరెంటు తీగలూ తీసేస్తే ఇంకేం కనిపిస్తుంది. పెంకుటిల్లు దొరికితే చూరు ప్రశ్న. అక్కడ టేపు తీయండి, చూరు గోడ దాటి ఎంత బయటికి వచ్చిందో, వాన నీళ్లు పడి సున్నం ఎక్కడ రాలిందో, ఎక్కడ రాలలేదో చూపించండి. పిల్లలు ఆఫీసులో గీసే సన్‌షేడు పక్కన ఆ కొలత రాసుకుంటే ఉపన్యాసం అక్కర్లేదు.

రోస్ హిల్‌ని చివరికి పెట్టాలనిపిస్తుంది, పైనుంచి దృశ్యం బాగుంటుంది కదా అని. వద్దు, మొదట్లోనే పెట్టండి. ఎండ ఎక్కాక పెద్దవాళ్లు ఎక్కలేరు. అక్కడ పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న. కింద హార్బర్‌లోకి ఓడలు వెళ్లే సన్నటి కాలువ, అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933లో రేవు తెరిచాక ఈ ఊరు ఎటు పెరిగిందో, పాత ఊరు ఎందుకు మూలకు జరిగిందో చెప్పడానికి ఇంతకంటే మంచి మ్యాపు దొరకదు. పొద్దున్నే వెళ్తే అదృష్టం ఉంటే ఓడ కూడా కనిపిస్తుంది. అప్పుడు మీరు మాట్లాడటం ఆపేయండి, ఎలాగూ ఎవరూ వినరు.

వారం ముందు అదే దారిలో, అదే టైముకు, అదే వారం రోజున ఒకసారి నడిచి చూడండి. మంగళవారం చూసి ఆదివారం వెళ్తే చర్చిలో ప్రార్థన జరుగుతుంటుంది, లోపలికి వెళ్లే వీలుండదు. బడి గేటుకు తాళం ఉంటుంది, తాళం ఎవరి దగ్గరుందో ముందే కనుక్కోవాలి. ఆడవాళ్లకు బాత్రూం ఎక్కడో తెలియకుండా నడక పెట్టకండి. ఒక్కో గుంపుకు ఇరవై, ఇరవై ఐదుమంది, అంతకు మించితే వెనక ఉన్నవాళ్లకు వినబడదు, ఆటోలు ఆగిపోతాయి. చేతిలో పట్టుకునే చిన్న స్పీకర్ వాడితే మసీదు, గుడి, చర్చి దగ్గర కట్టేయండి. పెద్ద సంఖ్యలో వస్తున్నారంటే వన్‌టౌన్ పోలీసు స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి రండి. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ వాళ్లు ఇలాంటి నడకలు ముందునుంచే చేస్తున్నారు, వాళ్లతో కలిసి చేస్తే కథలు వాళ్లు చెప్తారు, కొలతలు మనం చెప్తాం.

పాత ఊరు అయ్యాక అదే పద్ధతిలో ఇంకొకటి చేయొచ్చు, చుట్టిళ్ల కొలతలు. భీమిలి దాటి శ్రీకాకుళం వైపు తీరం వెంట పల్లెల్లో గుండ్రటి మట్టిగోడ, దాని మీద కిందికి వాలిన గడ్డి కప్పు ఉండే ఇళ్లు ఒకప్పుడు వరసగా ఉండేవి, ఇప్పుడు వెతుక్కోవాలి. గాలి కొట్టడానికి మూల ఉండదు, కప్పు ఎంత కిందికి ఉంటుందంటే లోపలికి వెళ్లాలంటే నడుం వంచాల్సిందే. కొలిచేటప్పుడు గుండ్రం కదా అని ఒక్క వ్యాసంతో సరిపెట్టొద్దు, అడ్డంగా, నిలువుగా రెండూ తీయండి, చాలా ఇళ్లు పూర్తి గుండ్రంగా ఉండవు. గుమ్మం దగ్గర చూరు ఎత్తు తప్పకుండా రాయండి. ఇంటివాళ్లను అడిగి, వాళ్లు సరే అన్నాకే లోపలికి వెళ్లండి. గీసిన బొమ్మ ప్రింటు తీసి వాళ్ల చేతికి ఇవ్వండి, మళ్లీ ఆ ఊరు వెళ్లాలంటే మొహం చెల్లాలి కదా.

సాయంత్రం సభ, అందులో తుఫాను సభ

హాల్లో చేసే సాయంత్రాల్లో బాగా పండేది, ఒకరు తమ ఒక్క భవనం గురించి చెప్పే సభ. పోర్ట్‌ఫోలియో మొత్తం వద్దని ముందే చెప్పండి, లేకపోతే నూట ఇరవై స్లైడులు తెస్తారు. ఒక్క ప్లాను, ఒక్క సెక్షను, ఒక్క డీటెయిలు, దాంతో పాటు కట్టాక ఏం తేడా కొట్టిందో. మాట్లాడేది నలభై నిమిషాలు, ప్రశ్నలకు అంతే సమయం.

విశాఖలో ఏ సంఘమైనా ఏడాదికి ఒకసారి తప్పకుండా పెట్టాల్సిన సభ తుఫాను సభ అని నా గట్టి అభిప్రాయం. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్. ఆ రోజు ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, అద్దాల ముఖాల భవనాలు ఎలా డొల్లలైపోయాయో, ఎయిర్‌పోర్టు ఏమైందో. కానీ ఇప్పుడు ఆఫీసుల్లో పని చేస్తున్న కుర్రాళ్లలో చాలామంది అప్పుడు బడి పిల్లలు. భవనాల మీద గాలి ఒత్తిడికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఈ అంకె స్లైడ్ మీద వేసి వదిలేస్తే ఎవరికీ ఏమీ అనిపించదు. దాన్ని బరువులోకి మార్చి చూపించండి. వేగాన్ని వేగంతో హెచ్చించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోలు. మీటరున్నర ఎత్తు, మీటరూ పాతిక సెంటీమీటర్ల వెడల్పున్న మామూలు బెడ్రూం కిటికీ మీద 280 కిలోల పైమాటే, భవనం ఎత్తుకూ మూలకూ వేయాల్సిన గుణకాలు ఇంకా వేయకముందే. ఇప్పుడు ఆ కిటికీని గోడకు పట్టి ఉంచే మరలు ఎన్ని, ఎంత పొడవు, తుప్పు పట్టేవా పట్టనివా అని అడగండి. హాలు నిశ్శబ్దమైపోతుంది.

ఈ సభకు బల్ల మీద పెట్టడానికి నిజమైన వస్తువులు కావాలి. పాత స్లైడింగ్ కిటికీ సెక్షను ముక్క, తుప్పుపట్టి తల ఊడిపోయిన మర, పక్కన స్టెయిన్‌లెస్ మర, ఎండిపోయి గోడ వదిలేసిన సీలెంటు. స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకరు, కిటికీలు బిగించే మేస్త్రి ఒకరు తప్పనిసరి. మేస్త్రికి కుర్చీ వేదిక మీదే వేయండి, పక్కన ఎక్కడో కాదు. ఆయనకు ఆ రోజు కూలి కూడా లెక్కకట్టి ఇవ్వండి. వచ్చే సభ్యులందరినీ తమ పనిలో ఫెయిలైన ఒక చోటు ఫొటో తెమ్మనండి, క్లయింటు పేరు, చోటు పేరు లేకుండా. మొదట ఎవరూ తేరు, కాబట్టి సంఘంలో పెద్ద పేరున్న ఇద్దరితో ముందే మాట్లాడి వాళ్ల ఫొటోలు తెప్పించండి, తర్వాత మిగతావాళ్లకు ధైర్యం వస్తుంది.

సైటు చూడటం

పూర్తయిన భవనం చూడటానికి వెళ్తే ఫొటోలు వస్తాయి, సగంలో ఉన్న భవనం చూస్తే చదువు వస్తుంది. స్లాబు వేయడానికి ముందురోజు వెళ్లండి. రాడ్లు కట్టేసి ఉంటాయి, కరెంటు పైపులు పరిచి ఉంటాయి, ఇంకా ఏదీ కాంక్రీటు కింద దాగి ఉండదు. మన తీరంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది కవర్ బ్లాకులు, అంటే రాడ్డుకూ కాంక్రీటు అంచుకూ మధ్య ఎడం (దాన్నే కవరు అంటాం) ఉంచే చిన్న దిమ్మలు. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సముద్ర తీర వాతావరణంలో బయటపడి ఉండే కాంక్రీటు తీవ్రమైన కోవలోకి వస్తుంది, రాడ్డుకు 45 మిల్లీమీటర్ల కవరు, కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు కావాలి. లోపలి ఊళ్లలో మామూలు పరిస్థితికి సరిపోయే 20 మిల్లీమీటర్ల బ్లాకులే ఇక్కడా చాలా చోట్ల కనిపిస్తాయి. ఉప్పుగాలికి రాడ్డు తుప్పుపట్టి ఉబ్బితే కాంక్రీటు పెచ్చులూడుతుంది, దాన్ని చూడాలంటే బీచ్ రోడ్డు పాత అపార్ట్‌మెంట్ల బాల్కనీల కింద తల పైకెత్తితే చాలు. పిల్లల చేతికి స్కేలు ఇచ్చి కొలవమనండి.

యజమాని, కాంట్రాక్టరు ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. హెల్మెట్, బూట్లు లేనివాళ్లను గేటు దగ్గరే ఆపేయండి, ఎంత సీనియరైనా సరే. ఇంకో మాట, సైటు మీద తప్పు కనిపిస్తే అందరి ముందూ కాంట్రాక్టర్ని నిలదీయకండి, మళ్లీ మనల్ని ఎవరూ రానివ్వరు. ఆ సైటు ఆర్కిటెక్టుకు పక్కకు పిలిచి చెప్పండి.

అధికారులతో సమావేశం గురించి క్లుప్తంగా. నగరపాలక సంస్థ జీవీఎంసీ, పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ టౌన్ ప్లానింగ్ వాళ్లను పిలిస్తే హాలు నిండుతుంది, కానీ మొదటి ప్రశ్నే “సార్, నా ఫైలు…” అని మొదలైతే ఆ సాయంత్రం అయిపోయినట్టే. సొంత ఫైళ్ల ఊసు ఉండదని ఆహ్వానంలోనే రాయండి. ప్రశ్నలు వారం ముందు రాతలో తీసుకోండి, ప్రతి ప్రశ్నకూ మూడు ఉండాలి: 2017 బిల్డింగ్ రూల్స్‌లో, అంటే జీవో 119లో, ఏ రూలు, దానికి ఒక చిన్న బొమ్మ, దాన్ని ఎవరెవరు ఎలా అర్థం చేసుకుంటున్నారు. ఆన్‌లైన్ అప్రూవల్‌లో సాఫ్ట్‌వేర్ డ్రాయింగుని ఎందుకు తిప్పి పంపుతోందన్నది వేరే తరగతి, దానికి కంప్యూటర్ ముందు కూర్చునే డ్రాఫ్ట్స్‌మన్లను పంపండి, మనం వెళ్లి ప్రయోజనం లేదు.

పిల్లలు, డబ్బులు

ఆంధ్రా యూనివర్సిటీ, గీతం విద్యార్థులను సభలకు పిలిచి వెనక వరసలో కూర్చోబెట్టడం మానేయండి. వాళ్లకు కావాల్సింది ఒక బల్ల, అటు ఒక ఆర్కిటెక్టు, ఇటు ఒక విద్యార్థి, ఇరవై నిమిషాలు, పోర్ట్‌ఫోలియో తెరిచి. ఇంటర్ పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష నాటా గురించి, ఐదేళ్ల కోర్సు గురించి ఒక ఆదివారం చెప్పండి. “సివిల్‌కీ దీనికీ తేడా ఏంటండీ, జీతం ఎంతొస్తుంది?” అని అడుగుతారు, నసగకుండా చెప్పండి, మొదటి ఏళ్లలో జీతం తక్కువేనని కూడా.

ఖర్చు దగ్గరికి వస్తే, టైల్స్, పెయింట్లు, ప్లైవుడ్, అద్దాల కంపెనీలు స్పాన్సర్ చేస్తామని వాళ్లే వస్తారు. వద్దనక్కర్లేదు, గిరి గీయండి. హాలు బయట ఒక బల్ల, టీ ముందు పది నిమిషాలు, అంతే. సభ్యుల ఫోన్ నంబర్ల లిస్టు ఇవ్వకండి, ఇచ్చారంటే మూడు నెలల దాకా అందరూ మిమ్మల్నే తిడతారు. పనులు ఇప్పించినందుకు కమీషన్లు, బహుమతులు తీసుకోకూడదని 1989 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనలు చెబుతున్నాయి, కాబట్టి “మీ సభ్యులు ఇంత ఆర్డరిస్తే ఇంత” తరహా ప్రతిపాదన వస్తే అక్కడే నవ్వి కాఫీ ఇచ్చి పంపించేయండి. డబ్బు సంఘం ఖాతాలోకి, రసీదుతోనే. శాలువాలు, మెమెంటోల డబ్బు మిగిల్చి మంచి సౌండు మీద పెట్టండి. జ్యోతి వెలిగించి తీరాలంటే లోపల వెలిగించండి. బీచ్ పక్క లాన్‌లో పెట్టి, ఐదుగురు పెద్దలు చేతులు అడ్డం పెట్టుకుని అగ్గిపెట్టె ఖాళీ చేయడం ఈ ఊళ్లో ఎన్నిసార్లు చూడాలి?

కార్తీకంలో వనభోజనం మాత్రం, తుఫాను నెలల్లోనే వచ్చినా, మానకండి. కంబాలకొండ లాంటి చోట ఉసిరి చెట్టు చూసుకుని కుటుంబాలతో కలవండి, ఉపన్యాసం పెట్టకుండా. ఏడాదంతా సభలకు రాని సభ్యులు కూడా దానికి వస్తారు, వచ్చే ఏడాది నడకకు దారి చూపించేవాళ్లను, తుఫాను ఫొటోలు ఇచ్చేవాళ్లను అక్కడే పట్టుకోవచ్చు.

చివరిగా, కార్యక్రమం అయిన వారంలోపు ఒక ఫోల్డర్ చేయండి. కొలతల బొమ్మలు, ప్రశ్నలకు అధికారులు ఇచ్చిన జవాబులు, తుఫాను ఫొటోలు, ఖర్చు లెక్క, ఎవరెవరు వచ్చారో. అందులోనే బడి గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో, ఏ హాల్లో ప్రొజెక్టర్ వైరు సరిపోదో కూడా రాయండి. పదవి దిగేటప్పుడు కొత్త కార్యదర్శికి పుష్పగుచ్ఛంతో పాటు ఆ ఫోల్డర్ కూడా ఇచ్చి, మొదటి నడకకు మీరు కూడా వెంట వెళ్లండి.